లోపల మనిషి ఉంది

నమోదు 41

ఈ రోజు కూడా కవాతులో మమ్మల్ని గుర్రాల వెనకాలే నిలబెట్టారు. ముందు తుపాకుల దళం, తర్వాత వైద్యులు, వంటవాళ్ళు, ఆ తర్వాత గుర్రాలు, అన్నిటికీ వెనక జలదళం. అంటే మేము. గుర్రాల వెనక కవాతు చేయడమంటే తల ఎత్తి జెండా వైపు చూడాలో, తల దించి కాలు ఎక్కడ పడుతోందో చూడాలో తేల్చుకోలేని అవస్థ. పైపు పానా భుజాన పెట్టుకుని నడుస్తుంటే తుపాకుల దళం కుర్రాళ్ళు "కక్కసు సైన్యం వచ్చిందిరోయ్, ముక్కులు మూసుకోండి" అన్నారు. పొద్దున వాళ్ళు గొంతులో పోసుకున్న చెంబెడు నీళ్ళు ఎవరు బిగించిన గొట్టంలోంచి వచ్చాయో అడిగితే చెప్పలేరు.

"ఒలే కాలేజీ, మొకం అలా ముడుసుకోకు" అంది పక్కనున్న అప్పలనర్సు. "రేపు ఆళ్ళ బేరక్ వాల్వు ఒక్క చుట్టు బిగించీనాననుకో, సాయంత్రానికి నన్ను అమ్మా అని పిలుస్తారు."

నా పేరు హిమజ. అయినా డిగ్రీ చదివానని తెలిసిన రోజు నుంచీ ఆమెకి నేను కాలేజీనే. భౌతికశాస్త్రం చదివితే జలశాఖలో కుర్చీ ఇచ్చారు. కొత్త కుళాయి కావాలని జనం పెట్టుకున్న అర్జీలని తిప్పి పంపడమే అక్కడి పని. మూడు నెలలు పంపాను. నాలుగో నెల ఆ కుర్చీలో కూర్చోలేక ఈ కొండమీది స్థావరానికి వచ్చి జలదళంలో చేరాను. ఇక్కడ కనీసం నేను తిప్పింది తిరుగుతుంది.

నమోదు 43

ఈ రోజు బిళ్ళలు కొట్టుకున్నాం.

మాకు పాఠం చెప్పేది సుబేదార్ ఓబులేసు. గొంతు పెద్దది, మీసం ఇంకా పెద్దది. ఒక్కొక్కరికీ ఒక ఇత్తడి బిళ్ళ, ఉలి, సుత్తి ఇచ్చి "ఎవురి పేరు వాళ్ళే కొట్టుకోండి" అన్నాడు. అప్పలనర్సు పేరు పొడుగు. సగం కొట్టేసరికి బిళ్ళ నిండిపోయింది. మిగతా సగం వెనక్కి తిప్పి కొట్టింది. సుబేదార్ ఆ బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమ్మే, నీ పేరు సదవాలంటే దోసె మాదిరి తిప్పుకోవాల్నా?" అన్నాడు. అందరం నవ్వాం. ఆమె అందరికంటే గట్టిగా నవ్వింది.

తర్వాత ఆయన నవ్వు ఆపి చెప్పిన మాటలు ఇవి:

"గొట్టం లోపలికి దిగేటోళ్ళు ముందు వాల్వు మూసి, దాని చక్రానికి మీ బిళ్ళ తగిలించల్ల. బయటికొచ్చినాక మీ చేత్తో మీరే తియ్యల్ల. బిళ్ళ ఉన్నంతసేపు లోపల మనిషి ఉన్నట్టే. నేను సెప్పినా, కల్నల్ సెప్పినా, పైనుంచి దేవుడే దిగొచ్చి సెప్పినా ఇంగొకరు దాన్ని ముట్టుకోగూడదు. సచ్చినోళ్ళ బిళ్ళ కూడా పారెయ్యగూడదు. ఇంటికి పంపల్ల. అర్థమాయనా?"

ఇంకొకటి దెబ్బల భాష. గొట్టం మీద పానాతో ఒక దెబ్బ కొడితే మూశానని, రెండు కొడితే తెరవనా అని, మూడు కొడితే లోపల మనిషి ఉందని. మూడు విన్నవాళ్ళు ఎవరైనా, ఎక్కడున్నా, చేతిలో ఏది ఉంటే దానితో ఆ మూడూ మళ్ళీ కొట్టాలి. అలా ఆ కబురు లైను చివరిదాకా పోవాలి.

మోటార్లు, తీగలు, తెరలు ఉన్న రోజుల్లో ఈ గొడవంతా లేదట. ఎక్కడో గదిలో కూర్చుని మీట నొక్కితే కొండ మీద వాల్వు తెరుచుకునేదట. యుద్ధంలో శత్రువు కూడా ఎక్కడో గదిలో కూర్చుని అదే మీట నొక్కాడు. మూడు నగరాల తాగునీటి లైన్లలోకి సముద్రం వచ్చింది. అప్పటినుంచి గొట్టం దగ్గరికి తీగ రానివ్వరు. మా ఇంటి గోడకి ఆ పాత మోటారు వాల్వు డబ్బా ఇంకా ఉంది. అమ్మ అందులో పోపుగింజలు పెట్టుకుంటుంది.

నమోదు 46

కోపంలో రాస్తున్నాను, పెన్సిల్ ములికి రెండుసార్లు విరిగింది.

విజయ దినానికి పెద్దలు వస్తున్నారని కల్నల్ ఇందుమతి గారు కవాతు మైదానం మధ్యలో ఫౌంటెన్ పెట్టించబోతున్నారు. నీళ్ళు గాల్లోకి ఎగరేసే ఫౌంటెన్. పట్టపగలు, ఈ ఎండలో.

కల్నల్ గారు ఎవరినీ గట్టిగా మాట అనరు. అందరినీ అమ్మా, నాయనా అంటారు. మా దళాన్ని పిలిచి ఎంతో మెత్తగా చెప్పారు. "జనానికి ధైర్యం కావాలమ్మా. నీళ్ళు పైకి ఎగరడం చూసి ఎన్నేళ్ళయింది? ఒక్కసారి చూస్తే చాలు, మనం గెలిచామని నమ్ముతారు."

నేను చేయి ఎత్తాను. "మేడమ్, ఎగిరిన దానిలో ఎంతోకొంత ఆవిరైపోతుంది కదా. మెట్ట శిబిరంలో మనిషికి రోజుకి రెండు చెంబులే ఇస్తున్నాం."

"చదువుకున్న పిల్లవి, నువ్వు కూడా అలా మాట్లాడితే ఎలా తల్లీ" అన్నారు, నా భుజం తట్టి. ఆ తట్టడం కంటే ఒక చెంపదెబ్బ నయం.

మెట్ట శిబిరం అంటే సముద్రం ఊళ్ళు మింగాక కోస్తా జనం చేరిన చోటు. అప్పలనర్సు అక్కడి మనిషే. ఆమె ఈ దళంలో చేరిన మర్నాడే వాళ్ళ రేకుల ఇంటి ముందు సైనిక కుటుంబ కుళాయి పెట్టారు. వాళ్ళమ్మ, చెల్లి, చెల్లి కూతురే కాదు, ఆ వీధి వీధంతా దానికిందే బిందె పెడుతుంది. అప్పలనర్సు దళంలో ఉన్నన్నాళ్ళే ఆ కుళాయి. బయటికి పోతే మర్నాడే వచ్చి పీక్కుపోతారు. అలాంటి కుళాయిలు పీకడం కూడా మా శిక్షణలో ఒక పాఠం.

ఇంతకీ ఫౌంటెన్‌కి నీళ్ళు ఎక్కడినుంచి? కొండమీది ట్యాంకు నుంచి మైదానానికి ఒక పాత గొట్టం ఉంది. మనిషి పాకేంత వెడల్పు. లోపలంతా ఉప్పు పెచ్చులు కట్టి ఉంది. వారంలో గీకి శుభ్రం చేయాలట. యుద్ధం వచ్చినా ఇంత తొందర చూపరేమో.

నమోదు 48

గీకుడు. వంతులవారీగా దిగుతున్నాం. ఎండెక్కితే ఇనుము పెనంలా కాలుతుంది. అందుకని పొద్దున్నే దిగి, టిఫిన్ గంట కొట్టినా రాకుండా, అనుకున్న మేర పూర్తి చేసి మరీ బయటికి వస్తున్నాం. మస్తాన్ మా వంతు ఉప్మా దాచి తెస్తాడు. మా బ్యాచ్‌లో కడుపు గురించి ఆలోచించే తెలివి అతనొక్కడికే ఉంది.

"ఉప్మాలో ఉప్పు తక్కువైంది" అన్నాన్నేను.

"మీ ఒంటినిండా ఉందిగా, దులుపుకోండి" అన్నాడు.

నమోదు 49

అప్పలనర్సు కాలు రెండు చోట్ల విరిగింది. ప్రాణం ఉంది. ముందు అది రాసుకుంటే తప్ప మిగతాది రాయలేను.

పొద్దున ఆమె వంతు. పైన వాల్వు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్ళాం. చక్రం మూసింది. తన దోసె బిళ్ళ తగిలించింది. గాలికి అది తిరుగుతుంటే పేరు ముందు సగం, వెనక సగం కనబడుతూ ఉన్నాయి. "సూసినావా, నా పేరు నాట్యమాడుతున్నాది" అంది. తర్వాత కొండ సగం దిగి వచ్చి, నడుముకి తాడు కట్టుకుని, అక్కడి తలుపులోంచి గొట్టంలోకి, ట్యాంకు వైపు పాకింది. తాడు రెండో కొస నా చేతిలో.

టిఫిన్ గంట కొట్టారు. మామూలుగానే మేము పని ఆపలేదు. లోపలి నుంచి గీకుతున్న చప్పుడు వస్తూనే ఉంది.

ముందు ఆ తలుపులోంచి చల్లగాలి కొట్టింది. ఆ గాలి ఏమిటో మెదడుకి తెలిసేలోపు చేతులకి తెలిసింది. తాడు లాగాను. కేకలు పెట్టాను. మస్తాన్ ఉప్మా గిన్నె విసిరేసి పరిగెత్తుకొచ్చి నా వెనక పట్టుకున్నాడు. నీళ్ళు మనిషిని తెచ్చి మా మీద పడేశాయి. ఉప్పు పెచ్చులు, గీకుడు కర్ర, అప్పలనర్సు, అన్నీ కలిసి. కాలు ఉండాల్సినట్టు లేదు.

ఆమెని మస్తాన్‌కి ఒప్పజెప్పి నేను వాల్వు దగ్గరికి పరిగెత్తాను. చక్రం బార్లా తెరిచి ఉంది. బిళ్ళ లేదు. చుట్టుపక్కల ఎవరూ లేరు.

తలుపులోంచి పొర్లగా మిగిలిన నీళ్ళతో కింద మైదానంలో ఫౌంటెన్ ఎగురుతోంది. కల్నల్ గారి పక్కన ఫోటో తీసేవాడు నిలబడి ఉన్నాడు.

నమోదు 52

విచారణ. కాగితం చదివి వినిపించారు: శిక్షణార్థి అప్పలనర్సు వాల్వుకి బిళ్ళ తగిలించకుండా గొట్టంలోకి దిగినందున ప్రమాదం జరిగింది. నిర్లక్ష్యం. కాలు కట్టు విప్పగానే దళం నుంచి తొలగింపు. కుటుంబ కుళాయి రద్దు.

"నేను చూశాను మేడమ్" అన్నాను. "ఆమె తగిలించేటప్పుడు పక్కనే ఉన్నాను."

"స్నేహితురాలివి కదమ్మా, అలాగే అనిపిస్తుంది" అన్నారు కల్నల్ గారు. "మరి బిళ్ళ ఏదీ? వెతికించాం. దొరకలేదు."

సుబేదార్ ఓబులేసు గోడవారగా నిలబడి ఉన్నాడు. నేను ఆయన వైపు తిరిగాను. దేవుడు దిగొచ్చినా అన్న మనిషి. "సార్, మీరు చెప్పండి. ఆమె బిళ్ళ లేకుండా దిగే మనిషేనా?"

ఆయన మీసం కదిలింది. చెయ్యి ఎందుకో చొక్కా జేబు మీదికి పోయి, అక్కడే ఉండిపోయింది.

ఆసుపత్రికి వెళ్ళి చెప్పాను. అప్పలనర్సు కాలి కట్టు మీద వేలితో తట్టింది. "కాలు పోతే పోనాది. మాయమ్మకేటి సెప్పమంటావు? కుళాయి పీకడానికి ఎవులొస్తారు, మన బేచ్చోళ్ళేనా?"

పంపేది మమ్మల్నే.

నమోదు 53

రోజంతా గొట్టాలకి మర కోస్తూ ఒకే విషయం ఆలోచించాను. బిళ్ళ తీసింది ఎవరైనా సరే, జలదళం మనిషి సాయం లేకుండా ఆ చక్రం తిప్పలేరు. దానికి ఒక ఒడుపు ఉంది, తుపాకుల వాళ్ళకి అది రాదు. జలదళం మనిషి అయితే ఆ బిళ్ళని పారేయలేడు. చేయి రాదు. అంటే అది ఈ స్థావరంలోనే ఎవరి జేబులోనో ఉంది.

ఎవరి జేబో నాకు తెలుసు. వెళ్ళి చొక్కా పట్టుకుని అడగాలనిపించింది. కానీ అడిగితే లేదంటాడు. లేదని ఒకసారి అన్నాక ఇక ఎప్పటికీ లేదనే అనాలి. ఆ అవకాశం ఆయనకి ఇవ్వదలచుకోలేదు.

మస్తాన్‌తో నా ఆలోచన చెప్పాను. "ఉద్యోగం ఊడుద్ది" అన్నాడు. చేతులు దులుపుకుని, "నా ఉప్మా కూడా వాళ్ళే పారబోయించారు" అన్నాడు. బ్యాచ్‌లో మిగతావాళ్ళకి అతనే చెప్పాడు.

నమోదు 55

విజయ దినం. ఈ రోజుది తాపీగా రాస్తాను.

షామియానా కింద పెద్దలు వచ్చి కూర్చున్నారు. శిబిరం నుంచి కూడా జనాన్ని బళ్ళలో తెచ్చి ఎండలో నిలబెట్టారు, గెలిచామని నమ్మడానికి. మేము యథాప్రకారం గుర్రాల వెనక. ఫౌంటెన్ వాల్వు మైదానం అంచున, మైకు పక్కనే, అందరికీ కనబడే చోట, కొత్తగా రంగు వేసి, మూసి ఉంది. ఈ వాల్వు నీళ్ళు ఫౌంటెన్‌కి తప్ప ఇంకే ఇంటికీ పోవు. అది ముందే చూసుకున్నాను. ఎవరి పిల్లల నీళ్ళూ ఆపదలచుకోలేదు.

బ్యాండు ఆగింది. కల్నల్ గారు మైకు దగ్గరికి నడుస్తున్నారు. నేను వరసలోంచి బయటికి వచ్చి, వెళ్ళి ఆ చక్రానికి నా బిళ్ళ తగిలించాను. నా వెనక మస్తాన్. అతని వెనక ఒక్కొక్కరుగా బ్యాచ్ అంతా. ఇత్తడి బిళ్ళలు ఒకదానికొకటి తగిలి ఎడ్ల మెడలో మువ్వల పట్టీలా మోగాయి.

కల్నల్ గారు నవ్వు ముఖంతోనే దగ్గరికి వచ్చారు. పెద్దలు చూస్తున్నారు కదా. పెదవులు కదపకుండా, "తీసేయమ్మా" అన్నారు.

"లోపల మనిషి ఉంది మేడమ్."

"ఎవరు? ఖాళీ గొట్టం అది."

"అప్పలనర్సు. లోపలికి దిగిందని మీ కాగితంలోనే ఉంది. దిగిన మనిషి తన బిళ్ళ తన చేత్తో తీస్తేనే బయటికి వచ్చినట్టు. ఆమె తీయలేదు. ఆ బిళ్ళే దొరకలేదని మీరే రాశారు. కాబట్టి నియమం ప్రకారం ఆమె ఇంకా లోపలే ఉంది."

"ఆసుపత్రిలో ఉంది" అన్నారు, ఈసారి పళ్ళ మధ్యనుంచి.

"నియమంలో ఆసుపత్రి లేదు మేడమ్."

ఆవిడ చెయ్యి చక్రం వైపు వెళ్ళింది. నేను ఆపలేదు. పానా తీసి గొట్టం మీద మూడు దెబ్బలు కొట్టాను.

మస్తాన్ కొట్టాడు. బ్యాచ్ కొట్టింది. ట్యాంకు దగ్గర కాపలా ఉన్న మా పాత బ్యాచ్ వాళ్ళు విన్నారు. విన్నాక కొట్టకుండా ఉండలేరు. వంటశాల లైను మీద ఎవరో గరిటెతో కొట్టారు. ఆసుపత్రి వైపునుంచి వినబడింది. అధికారుల క్వార్టర్లలో స్నానాలగదుల గొట్టాలు కూడా మోగాయి. మూడు, ఆగి మూడు, ఆగి మూడు. శిబిరం జనం అర్థం కాకపోయినా ఖాళీ బిందెల మీద అదే వాయించడం మొదలుపెట్టారు. షామియానా కింద ఒక పెద్దమనిషి "ఇది కార్యక్రమంలో భాగమేనా?" అని అడిగాడట.

ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

అప్పుడు సుబేదార్ ఓబులేసు వరసలోంచి నడిచి వచ్చాడు. నిటారుగా, కవాతు నడకలో. జేబులోంచి బిళ్ళ తీశాడు. మా బిళ్ళల పక్కన తగిలించాడు. గాలికి అది తిరిగింది. ముందు సగం, వెనక సగం.

"ఆ పొద్దు ఫోటో కోసరం తెరవమన్యారు" అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు కానీ మైకు పక్కనే ఉంది. "లోపల మనిషి ఉండాదంటి. టిఫిన్ టయిము గదా, ఎవురుంటారు, తియ్యి అన్యారు. రెండు దెబ్బలు కొడితి. జవాబు రాలే. గీకుడు సప్పుట్లో లోపలి పిల్లకీ, బయట తాడు పట్టిన పిల్లకీ ఇనపడలేదు. రాకుంటే ఖాళీ అనుకుంటి. బిళ్ళ నేనే తీస్తి." నా వైపు తిరిగాడు. "సెప్పినోన్నే తప్పు జేస్తి మే."

నేను ఆయన్ని క్షమించలేదు. ఇప్పటికీ లేదు. కానీ ఆయన తగిలించిన చోటు చూశాను. అందరి బిళ్ళలకంటే ముందు, చక్రం నడిమధ్యన.

"సరే" అన్నారు కల్నల్ గారు. "ఆ అమ్మాయిని తీసుకురండి, తొందరగా."

ఆసుపత్రికి మనిషి పరిగెత్తాడు. ఎండ మాడుతోంది. పెద్దలు రుమాళ్ళతో విసురుకుంటున్నారు. పోయినవాడు ఒంటరిగా తిరిగి వచ్చి, సెల్యూట్ కొట్టి చెప్పాడు:

"తలకి పోసుకుని వస్తుందట మేడమ్. ఉప్పు పట్టేసిందట. ఒక బకెట్టు వేన్నీళ్ళు పంపమంది. కుంకుడుకాయలు కూడా."

మైదానంలో ఎవరో కిసుక్కుమన్నారు. నా పక్కన మస్తాన్ భుజాలు ఊగుతున్నాయి. జలదళంలో చేరిన దగ్గరినుంచీ మాలో ఎవరమూ బకెట్టు నీళ్ళతో తల రుద్దుకోలేదు.

బకెట్టు వెళ్ళింది. పంపించారు. నా కళ్ళతో చూశాను, ఇద్దరు తుపాకుల దళం వాళ్ళు మోసుకుపోయారు, ఒలకకుండా.

చాలాసేపటికి చక్రాల కుర్చీలో వచ్చింది. కురచ జుట్టులోంచి చుక్కలు కారుతున్నాయి. తుడుచుకోలేదు, కావాలనే అనుకుంటాను. శిబిరం జనంలోంచి వాళ్ళమ్మ "ఓలమ్మా నా బంగారు" అని అరిచింది. అప్పలనర్సు చెయ్యి ఊపి, వాల్వు దగ్గరికి వచ్చి, బిళ్ళని చూసింది. వెంటనే తీయలేదు.

"కుళాయో?" అంది.

కల్నల్ గారు పెద్దల వైపు చూసి, ఆమె వైపు చూసి, "ఉంటుంది" అన్నారు.

"మైకులో సెప్పండి మేడమ్. మాయమ్మకి సెవుడు."

చెప్పారు. వాళ్ళమ్మకి చెవుడు లేదు.

అప్పుడు ఆమె తన బిళ్ళ తన చేత్తో తీసుకుంది. దెబ్బలు ఆగిపోయాయి.

నమోదు 57

కొత్త కాగితం వచ్చింది. అప్పలనర్సు బిళ్ళ తగిలించిందని అందులో ఉంది. కుళాయి ఉంది. ఆమె కాలు కూడాక దళంలోనే ఉంటుంది. సుబేదార్ ఓబులేసు హోదా తగ్గించి కింది పంపుహౌస్‌కి పంపారు. తీయమన్నది ఎవరో మాత్రం అందులో లేదు. ఫోటో కోసమన్నది లేదు. ఫౌంటెన్ అన్న మాటే లేదు. మైకులో అంతమంది విన్నారు, అయినా కాగితానికి వినబడలేదు. కల్నల్ గారు నిన్న నన్ను చూసి ఎప్పటిలాగే మెత్తగా "బాగున్నావా తల్లీ" అన్నారు.

ఇవాళ నా బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఎక్కడో ఉప్పు మేటల మధ్య స్థావరం. వెంటనే బయలుదేరాలట.

ఉత్తర్వు తెచ్చిన గుమాస్తాకి నియమావళి తెరిచి చూపించాను. ఏ వాల్వు మీదనైనా తన బిళ్ళ ఉన్న మనిషి స్థావరం దాటరాదు. వాళ్ళు రాసుకున్నదే.

విజయ దినం నాడు మిగతా అందరూ తమ బిళ్ళలు తీసుకున్నారు. ఫౌంటెన్ తొట్టి అడుగున ఇప్పుడు పొడి ఆకులున్నాయి. సాయంత్రం పూట క్వార్టర్ల పిల్లలు అందులో దిగి బంతాట ఆడుకుంటున్నారు.

నా బిళ్ళ ఇంకా ఆ చక్రానికే ఉంది. తీయడానికి తీరిక దొరకడం లేదు.